కాల్చని బాట

గుట్టకు అంటుకున్న మంట గురువారం సాయంత్రానికి ఆరింది గానీ, అటవీ శాఖ బీట్ ఆఫీసర్ నాగశ్రీ గుండెల్లో అంటుకున్నది మాత్రం ఇంకా ఆరలేదు. పోయినవారం ఆమెను ఎక్కడ వదిలామో గుర్తుంది కదా? మొగుడంపల్లి దాటాక ఎర్రగుట్ట అడవిలో బోదగడ్డి భగ్గుమన్నప్పుడు, ఆ పిల్ల చేతిలోని పచ్చికొమ్మను పడేసి వెనక్కి చూడకుండా పరుగెత్తింది. ఆమె వదిలిన చోట నిలబడి, కొమ్మతో కొట్టి కొట్టి మంటను ఆర్పింది ఫైర్ వాచర్ అబ్దుల్. గుట్ట తూర్పు సగం బూడిదైంది. అబ్దుల్ చేతులు రెండూ మణికట్టు దాటి కాలాయి.

నాగశ్రీకి ఇరవై మూడేళ్ళు. ఎప్పుడో గుడివాడ నుంచి వచ్చి జహీరాబాద్ ట్రాక్టర్ ఫ్యాక్టరీలో కుదురుకున్న శ్రీనివాసరావుకు ఒక్కతే కూతురు. అడవి ఉద్యోగానికి పెట్టిన నడక పరీక్షలో మగపిల్లలే ముక్కున వేలేసుకునేలా నడిచి పాసయింది. ఆ కాళ్ళే ఒకనాడు తన పరువు తీస్తాయని అప్పుడు ఆమెకేం తెలుసు?

శనివారం పొద్దుగూకే వేళకు ఆమె అబ్దుల్ ఇంటి ముందు నిలబడి ఉంది. రంజాన్ నెల. సందులో ప్రతి ఇంటి నుంచీ నూనె మరుగుతున్న వాసన. ఆమె చేతి సంచిలో బత్తాయిలు, వాటి మీద తన గదిలో అమ్మ పెట్టిన కుండీలోంచి కోసుకొచ్చిన కలబంద మట్టలు నాలుగు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అంటారు పెద్దలు. ఇక్కడ చేతులు కాలింది ఒకరికి, ఆకులు పట్టుకుని వచ్చింది ఇంకొకరు. గుమ్మానికి వేలాడుతున్న పరదాను తొలగించడానికి ఆమెకు ముఖం చెల్లలేదు.

"ఎవరది? లోపలికి రా, నీడ కనబడ్తనే ఉన్నది" అంది లోపలి నుంచి అబ్దుల్ భార్య తాజ్ బేగం.

నాగశ్రీ వెళ్ళింది. పొయ్యి ముందు కూర్చుని మిర్చీలను శనగపిండిలో ముంచుతోంది తాజ్ బేగం. తల ఎత్తి చూసింది. ఎప్పుడొచ్చినా "రా బేటీ" అనే మనిషి.

"రా మేడం" అంది.

ఆ ఒక్క మాటకే నాగశ్రీకి కళ్ళు చెమర్చాయి. ఆమె తిట్టి ఉన్నా బాగుండేది.

అబ్దుల్ నవారు మంచం మీద గోడకు ఆనుకుని ఉన్నాడు. రెండు చేతులకూ తెల్లటి కట్లు. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. ఉపవాసం వద్దని దవాఖానలో డాక్టరు చెప్పినా వినకుండా రోజా పట్టాడని, నీళ్ళు కూడా ముట్టలేదని తాజ్ బేగం గిన్నెలతో చెబుతున్నట్టుగా గొణిగింది.

"గుట్ట మీద పొగ ఏమన్న లేస్తున్నదా మేడం?" అని అడిగాడు అబ్దుల్, తన చేతుల మాట రాకుండా.

"మొద్దుల్లో ఇంకా నిప్పుంది చాచా. గాలి లేస్తే పడమటి వైపు పాకుతుందేమోనని రేంజర్ గారు భయపడుతున్నారు. అటు పాకితే కింద తండా, మేకల దొడ్లు..."

"పాకుతది. ఎందుకు పాకదు?" తాజ్ బేగం మిర్చీని నూనెలోకి జారవిడిచింది. "అటు దిక్కు బాట కాల్చనే లేదు గద."

నాగశ్రీ ఈ సంగతి తనకు ఒక్కదానికే తెలుసనుకుంది మరి.

అడవి సంగతి తెలియనివారికి ఒక్క మాట చెప్పాలి. చలికాలం ఉండగానే గుట్ట చుట్టూ బండిబాటంత వెడల్పున గడ్డి కోయిస్తారు. కోసిన గడ్డిని అక్కడే, పొద్దుటి చల్లదనంలో, దగ్గరుండి కాల్చేస్తారు. నేల నల్లబడుతుంది. ఎండాకాలంలో ఎటునుంచి మంట వచ్చినా ఆ నల్లనేల మీద తినడానికి ఏమీ దొరక్క ఆగిపోతుంది. ఆఫీసులో దాన్ని ఫైర్ లైన్ అంటారు, ఇక్కడి జనం నల్లబాట అంటారు. నాగశ్రీ కోత పని మాత్రం ఎవరూ వేలెత్తి చూపలేనంత బాగా చేయించింది. కాల్చే పనే రేపు, ఎల్లుండి అంటూ నెట్టుకొచ్చింది. నిప్పుకు భయపడే పిల్ల నిప్పు ఎలా పెడుతుంది? కోసిన గడ్డి కుప్పలు కుప్పలుగా ఎండుతూ ఉండిపోయింది. గురువారం వచ్చిన మంటను ఆపాల్సిన బాటే దానికి ఎదురెళ్ళి విస్తరి వేసింది.

"నాకు తెలుసు చాచీ" అంది నాగశ్రీ. "ఆ రాత్రే అర్థమైంది. తప్పు నాదే. అది చెప్పడానికే వచ్చాను."

"నువ్వొచ్చి చెప్తే తెల్సేదా మాకు? గీ మనిషికి ఎప్పుడో ఎరుక."

"తాజ్, చుప్" అన్నాడు అబ్దుల్.

"ఎందుకు చుప్? గిన్ని దినాలు చుప్ ఉన్నదానికే గిట్లయింది." ఆమె జల్లిగరిటె పక్కన పెట్టి నాగశ్రీ వైపు తిరిగింది. "రోజాలు షురూ అయినకాడికెల్లి ఈయన ఏం చేసిండో ఎరుకనా నీకు? సహరీ తిని, నమాజ్ చేసుకొని, తెల్లారకముందే గుట్టకు పోయిండు. నీ కుప్పలన్ని ఒక్కొక్కటి ఈడ్చుకపోయి బోడి బండల మీద పడేసిండు. ఎందుకయ్య గీ కష్టం, ఒక్క అగ్గిపుల్ల గీస్తే అయిపాయె గద అంటే, 'బీటు ఆమెది, నిప్పు ఆమెనే పెట్టాలె, ఆ పిల్లకేమో నిప్పంటే భయం తాజ్, ఆమెతోని పెట్టియ్యద్దు' అన్నడు. నీళ్ళు తాగని నోటితోని గడ్డి మోసిండు. సగం కుప్పలు గూడ తియ్యలే, మంట వచ్చె."

ఆ రోజుల్లో పొద్దున్నే గుట్ట ఎక్కినప్పుడు అక్కడక్కడా కుప్పలు తగ్గినట్టు నాగశ్రీ చూసింది. పశువులు మేశాయనుకుంది. పశువులట!

"ఎందుకు చెప్పలేదు చాచా?" అంది. "తిట్టి అయినా సరే, కాల్చమని ఎందుకు చెప్పలేదు?"

అబ్దుల్ కట్ల వైపు చూసుకున్నాడు. "సంక్రాంతి దాటినంక ఓ దినం కుప్ప కాడ నిలబడి అగ్గిపెట్టె తీసినవ్, యాదికున్నదా? నీ చెయ్యి వణికింది. మల్ల జేబుల పెట్టుకున్నవ్. నేను అటు దిక్కు మొఖం తిప్పుకున్న. ఆ చెయ్యిని సూసినంక ఏమని చెప్పాలె బిడ్డా?"

ఎనిమిది నెలలుగా ఆయన ఆమెను మేడం అనే పిలిచాడు. ఈ 'బిడ్డా' విని నాగశ్రీ అక్కడే, పొయ్యి పక్కన నేల మీద కూలబడిపోయింది. ఎవరికీ చెప్పని సంగతి అప్పుడు చెప్పింది. ఆరేళ్ళప్పుడు నాన్న కోహీర్ దగ్గర ఎవరిదో చెరకు కోత చూపించడానికి తీసుకెళ్ళాడు. పక్క చేనులో చెరకు ఆకు కాలుస్తుంటే గాలి తిరిగింది. చుట్టూ చెరకు, చెరకంతా మంట. నాన్న చొక్కా విప్పి ఆమె తలకు చుట్టి, గుండెకు అదుముకుని దాంట్లోంచే పరుగెత్తాడు. కళ్ళు మూసి ఉన్నాయి కనక ఆమె మంటను చూడలేదు, విన్నది. ఆ చిటపట విన్నప్పుడల్లా నేటికీ కాళ్ళు తమంతట తామే పరుగెడతాయి. నాన్న వీపు మీది మచ్చ గురించి ఇంట్లో ఎవరూ మాట్లాడరు.

తాజ్ బేగం నూనెలో మిర్చీలు మాడుతున్నా తీయడం మరిచిపోయింది.

అంతలో ఉపవాసం విడిచే వేళైందని మసీదు సైరన్ మోగింది. పళ్ళెంలో ఖర్జూరాలు ఉన్నాయి, అబ్దుల్ చేతులు కట్లలో ఉన్నాయి, తాజ్ బేగం చేతుల నిండా పిండి.

"సూస్తవేంది? తినిపియ్యి" అంది తాజ్ బేగం. "పొద్దుటిసంది నోట్ల ఏం పడలే ఆయనకు."

నాగశ్రీ ఖర్జూరం తీసి, గింజ తీసేసి, ఆయన నోటికి అందించింది. ఆయన కళ్ళు మూసుకుని పెదవులు కదిపాడు, తర్వాత మెల్లగా నమిలాడు. గ్లాసు పట్టుకుని నీళ్ళు కూడా తనే తాగించింది. గుటక గుటకకీ ఆయన గొంతు కదులుతుంటే చూసి ఆమెకు ఏడుపు ఆగలేదు. ఇంట్లో సొంత తండ్రికి కూడా ఎప్పుడూ ఇలా తినిపించలేదు.

తాజ్ బేగం చేతులు కడుక్కుని వచ్చి, మాడని మిర్చి ఒకటి ఏరి ఆమె చేతిలో పెట్టింది.

"తిను బేటీ. కోపం పోలే నాకు. అయినా తిను."

మిర్చి సగంలో ఉండగా నాన్న దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. శ్రీనివాసరావుకు ఎడమ చెవి చిన్నప్పుడే పోయింది, కుడిచెవి దాని ఇష్టమొచ్చినప్పుడు పనిచేస్తుంది. తనకు వినపడదు కాబట్టి ఎదుటివాళ్ళకూ వినపడదనుకుంటాడు. ఆయన మాట సందు చివరిదాకా వినిపించింది.

"అమ్మా నాగా! సామాన్లు సర్దుకున్నావా? రేపు ఆదివారం, నాకు సెలవు. పొద్దున్నే బండేసుకుని వచ్చేస్తున్నా. మనకొద్దమ్మా ఈ అడవి ఉద్యోగం. నువ్వు ఇంటికి వచ్చెయ్యి చాలు."

"నాన్నా, రేపు పొద్దున గుట్ట మీద పనుంది. నువ్వొచ్చి నా గదిలో కూర్చో. అయిపోగానే వస్తాను."

"అలాగే, అలాగే. అమ్మ పులిహోర కలిపి పంపుతోంది" అని పెట్టేశాడు. కూర్చోమంటే కూర్చునే మనిషి కాడాయన. ఆ సంగతి కూతురికి తెలుసు గానీ, అప్పుడు ఆమె ఆలోచన వేరే చోట ఉంది.

"గుట్ట మీద ఏం పని?" అన్నాడు అబ్దుల్.

"పడమటి బాట కాలుస్తాను చాచా. గాలి లేవకముందే." అనేసింది గానీ, తన మాట తనకే ఎవరో అన్నట్టు వినిపించింది. "రేపు కూడా నా చెయ్యి ఆడకపోతే నాన్నతో వెళ్ళిపోతాను. మీ చేతులు చూస్తూ ఈ ఊళ్ళో ఉండలేను."

"చెయ్యి వణికితే వణకని. వణికే చేతిల గూడ అగ్గిపుల్ల అంటుకుంటది." అబ్దుల్ మంచం మీద ముందుకు జరిగాడు. "మా వాచర్లది ఒక రివాజు ఉన్నది. బీటు ఎవరిదో తొలి నిప్పు వాళ్ళదే. నిప్పు పెట్టినోళ్ళు అది ఆరిందాక ఆ జాగ ఇడిసిపెట్టద్దు. జర ఫికర్ చెయ్యకు, నేనొస్త."

"ఈ చేతులతోనా?" అంది తాజ్ బేగం.

"చేతులు కాలినయ్. కాళ్ళు కాలలే గద!"

తెల్లవారి, ఎండ ఇంకా పదునెక్కకముందే వాళ్ళు గుట్ట మీద ఉన్నారు. నాగశ్రీ, అబ్దుల్, పచ్చికొమ్మలు పట్టుకుని ఇద్దరు కూలీలు. నీళ్ళ క్యాన్లు వరసగా పెట్టించింది. బాటకు అవతలి అంచున ఒక బారెడు మట్టి గీకించి, దాని అవతల నిలువెత్తు బోదగడ్డికి నిప్పు అందకుండా చేసింది. దూరంగా మోదుగులు విరగబూసి ఉన్నాయి. ఆ ఎరుపు కంట పడ్డ ప్రతిసారీ ఆమె గుండె ఒకసారి జారి, పూలేనని తెలిసి మళ్ళీ చోటుకు వచ్చేది.

అబ్దుల్ చెప్పినట్టు గుప్పెడు మట్టి తీసి వదిలింది. అది నిలువునా రాలింది. గాలి లేదు.

"ఇప్పుడు పిలువు" అన్నాడాయన.

నిప్పు పెట్టేముందు గడ్డిలో మేకలోళ్ళు ఎవరైనా ఉన్నారేమోనని కేక వెయ్యాలి. కూలీ ఒకడు రేకు డబ్బా మోగించాడు. నాగశ్రీ నోటికి చేతులు అడ్డం పెట్టుకుని అరిచింది.

"ఓ... అగ్గి పెడ్తున్నం! ఎవరన్న ఉన్నరా?"

అవతల ఎక్కడో నెమలి ఒకటి అరిచింది. మళ్ళీ పిలిచింది, ఆగింది, ఇంకోసారి పిలిచింది. మనిషి పలుకు రాలేదు.

ఆమె కుప్ప ముందు మోకాళ్ళ మీద కూర్చుని అగ్గిపెట్టె తీసింది. చెయ్యి వణికింది. తొలిపుల్ల గీస్తుండగానే విరిగింది. జేబులో పెట్టేసుకోవాలని ఎంత అనిపించిందో! అబ్దుల్ ఈసారి ముఖం తిప్పుకోలేదు. ఆ కట్ల చేతులతోనే ఆమె పక్కన గొంతుకూర్చున్నాడు.

రెండో పుల్ల అంటుకుంది. గడ్డి అందుకుంది. చిటపటమంది.

ఆమె కాళ్ళు లేచాయి. తను లేవలేదు, కాళ్ళే లేచాయి.

"ఎటు పోతున్నది మంట? నువ్వు చెప్పు నాకు" అన్నాడు అబ్దుల్. "పొగల నాకు కనబడ్తలే."

ఆయనకు బాగానే కనబడుతోందని ఆమెకు తెలుసు. అయినా చెప్పింది. "కుడివైపు... కుప్ప మీదికి ఎక్కుతోంది. ఇప్పుడు కిందికి దిగింది. మట్టి గీత దగ్గర ఆగింది చాచా. ఆగింది!"

"మల్ల?"

"పక్క కుప్పకు పోతోంది. మెల్లగా పోతోంది."

చెబుతున్నంతసేపూ మంట ఎక్కడుందో ఆమెకు తెలుస్తూనే ఉంది. పదిహేడేళ్ళుగా చెవులతో మాత్రమే ఎరిగిన దాన్ని మొదటిసారి కళ్ళు తెరిచి చూసింది. అది తిండి ఉన్న చోటికి పోతోంది, తిండి లేని చోట తలవంచుతోంది. పచ్చికొమ్మ అందుకుని అంచు దాటబోయిన నాలుకను తనే కొట్టి ఆర్పింది. కుప్ప తర్వాత కుప్ప కాలి, బాట నల్లబడుతూ వచ్చింది. వెనక్కి తిరిగి ఆ నల్లనేలను చూసుకుంటే ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ముఖమంతా మసి, ఆ మసి మీద కన్నీళ్ళ చారలు.

"తాజ్ చాచీకి చెప్పండి చాచా" అంది. "ఇవాళ ఆమె కోపం తగ్గాలి."

"గంత జల్ది తగ్గదులే" అని ఆయనా నవ్వాడు.

ఇంక చివరి కుప్పలు కొన్నే మిగిలాయి. అప్పుడు ఆమె చెంపకు గాలి తగిలింది. రావలసిన వేళ కంటే ముందే వచ్చింది. నిలువుగా లేస్తున్న పొగ వంగి, అవతలి బోదగడ్డి మీదికి పరుచుకుంది. ఆ పొగ సందులోంచి, గడ్డి మధ్యలో, తెల్లటి హెల్మెట్ ఒకటి కనిపించింది. ఒక చేతిలో టిఫిన్ క్యారియర్.

నాన్న.

గదిలో కూర్చోలేక, హోటల్లో టీ తాగి, గుట్టకు దారి అడిగి, మేకల బాట పట్టుకుని వచ్చేశాడు. డబ్బా మోతా, ముమ్మారు వేసిన కేకా ఆ చెవికి చేరనే లేదు.

ఆయన చూపు కూతురి మీద పడింది. కూతురినీ, కూతురి ముందు మంటనూ చూశాడు. క్యారియర్ చేతిలోంచి జారిపోయింది. హెల్మెట్ విసిరేసి, చొక్కా గుండీలు తెంపుకుంటూ ఆయన మంట వైపే పరుగు మొదలుపెట్టాడు, ఆరేళ్ళ నాగ ఇంకా ఆ చెరకు తోటలోనే ఉన్నట్టు.

"నాన్నా! రావద్దు! ఆగు!"

ఆయనకు వినపడదు. చేతులు ఊపింది. రమ్మంటోంది అనుకున్నాడేమో, ఇంకా వేగంగా వచ్చాడు. సరిగ్గా అప్పుడే చివరి కుప్ప మీద గాలి ఒక్క ఊపు ఊపింది. మండుతున్న గడ్డి పెళ్ళ ఒకటి లేచి, మట్టి గీత దాటి, అవతలి బోదలో పడింది. నిలువెత్తు గడ్డి భగ్గుమంది. పొగలో నాన్న కనిపించకుండా పోయాడు.

"నేను పోత! నువ్వు ఆగు బిడ్డా!" అబ్దుల్ లేచాడు. ఆ తొందరలో చేతులు ముందుకు చాచాడు. తెల్లటి కట్లు.

నాగశ్రీ ఆ కట్లను ఒక్క క్షణం చూసింది. క్యాన్ ఎత్తి నెత్తిన గుమ్మరించుకుంది. తడిసిన చున్నీ ముఖానికి చుట్టుకుని, పచ్చికొమ్మ పట్టుకుంది. నిప్పు పెట్టినవాళ్ళు అది ఆరేదాకా చోటు వదలకూడదు. ఆమె వదిలింది. కానీ ఈసారి కాళ్ళు ఊరి వైపు పోలేదు. మట్టి గీతను దూకి బోదగడ్డిలోకి పోయాయి.

పొగలో తన చెయ్యి తనకే కనిపించలేదు. చిటపటలు కుడివైపు నుంచి, ఎడమవైపు నుంచి, తర్వాత ఎటునుంచో తెలియకుండా వినిపించాయి. "నాన్నా!" అని అరిచి, దగ్గి, మళ్ళీ అరిచింది. ముందు ఏ అలికిడీ లేదు.

అప్పుడు ఆయన గొంతు వినిపించింది. "నాగా! ఎక్కడున్నావమ్మా?" అని గుండె పగిలేలా వేసిన కేక అది. అయితే ముందు నుంచి కాదు. పొగలో ఒకరికొకరు కనబడకుండానే దాటిపోయారు. కేక వచ్చింది వెనక నుంచి, ఆమె ఇప్పుడే వదిలి వచ్చిన నల్లబాట మీది నుంచి.